పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఒక్కరు ఆడే ఆటలో ఒక జట్టు

హైస్కూలు టెన్నిస్ జట్టు కథతో వచ్చిన చైనా సీరియల్ గురించి పాఠకులు రాసిన ఉత్తరాలు కొన్ని చేరాయి. ఆ విషయానికి సంబంధించిన ప్రశ్నలన్నింటికీ ఈ సంచికలో ఒకేచోట జవాబులిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెలవుల్లో ‘ది ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్’ అనే చైనా సీరియల్ మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఇది అసలు జపాన్ బొమ్మల కథ అంటున్నాడు. నిజమేనా? పిల్లలు చూడదగినదేనా? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. జపాన్ చిత్రకథకుడు తకెషి కొనోమి 1999 నుంచి 2008 వరకు ‘వీక్లీ షోనెన్ జంప్’ అనే వారపత్రికలో గీసిన చిత్రకథ దీనికి మూలం. అది పుస్తకాలుగా 42 సంపుటాలైంది. 2001లో మొదలైన యానిమే (జపాన్ కదిలే బొమ్మల సీరియల్) 178 భాగాల వరకు సాగింది. ఆ తర్వాత రంగస్థలం మీదికి సంగీత రూపకంగాను, 2006లో సినిమాగాను వచ్చింది. చైనాలో ఈ కథను సీరియల్‌గా తీయడం కూడా ఇది మొదటిసారి కాదు. 2008లోనే చిన్ జున్‌జియే అనే టీనేజీ నటుడితో ఒకసారి తీశారు. మీ అబ్బాయి చూసినది 2019 జూలైలో హునాన్ టెలివిజన్‌లో మొదలైన 40 భాగాల సీరియల్ అయి ఉంటుంది. ఇతర దేశాల ప్రేక్షకులకు నెట్‌ఫ్లిక్స్ ద్వారా అందింది అదే.

అమెరికాలో ఆట నేర్చుకుని చైనాకు తిరిగివచ్చిన లూ షియా అనే కుర్రవాడు యూచింగ్ హైస్కూలు టెన్నిస్ జట్టులో చేరడంతో కథ మొదలవుతుంది. ఆ పాత్రను పెంగ్ యూచాంగ్, జట్టు కెప్టెన్ మూ సుయాంగ్ పాత్రను దోంగ్ లీ పోషించారు. దోంగ్ లీ నటుడు కాకముందు కత్తిసాము క్రీడాకారుడు; కోర్టులో ఆయన నిలబడే తీరులోనే ఆ శిక్షణ తెలుస్తుంది.

నిశ్చింతగా చూడనివ్వండి. వీలైతే మీరు కూడా పక్కన కూర్చుని కొన్ని భాగాలు చూడండి. ఈ కథలో అవతలి జట్టువాళ్లెవరూ దుర్మార్గులు కారు. వాళ్లు కూడా తమ బడి కోసం అంతే కష్టపడి వచ్చిన పిల్లలు. ఓడిన పిల్లవాడి ముఖం మీద కెమెరా కొంతసేపు నిలుస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు అది చూడడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా పిల్లలకు కబడ్డీ, వాలీబాల్, ఖోఖో నేర్పుతాను. టెన్నిస్ ఒక్కడు ఆడే ఆట కదా, దాంట్లో జట్టు కథ ఎలా కుదిరింది? అంతమంది ఎందుకు? – ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ కథకు ప్రాణం ఎక్కడుందో మీ ప్రశ్న సరిగ్గా అక్కడే తాకింది. అందుకే దీనికి కొంత విస్తారంగా జవాబు చెబుతాను.

మూలకథలోని బడి పోటీల్లో రెండు జట్లు తలపడినప్పుడు రెండు డబుల్స్, మూడు సింగిల్స్, మొత్తం ఐదు ఆటలు ఉంటాయి. మూడు గెలిచిన జట్టుదే గెలుపు. డబుల్స్‌కు నలుగురు, సింగిల్స్‌కు ముగ్గురు, అదనంగా ఒకరు కలిపి ఎనిమిది మంది కావాలి. ఆ ఎనిమిది మందిని ఎంచడానికి బడిలో ప్రతినెలా అంతర్గత పోటీలు జరుగుతాయి. ఆటగాళ్లను నాలుగు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపులో మొదటి ఇద్దరిని జట్టులోకి తీసుకుంటారు. అంటే నిన్నటిదాకా జట్టులో ఉన్నవాడు ఈ నెల బయటికి పోవచ్చు, వాణ్ణి బయటికి పంపేది కూడా రోజూ వాడితో కలిసి సాధన చేసే స్నేహితుడే. కబడ్డీలో మీరు పిల్లల్ని ఎంచేటప్పుడు ఆ బాధ్యత మీది, వచ్చే నిష్ఠూరం కూడా మీదే. ఇక్కడ ఆ బరువును పిల్లలే ఒకరి మీద ఒకరు మోస్తారు. కథకుడు ఈ పద్ధతిని ఎంచుకోవడం వల్లనే ఒక్కరు ఆడే ఆట పదిమందికి సంబంధించిన కథగా మారింది.

దీని ఫలితం మూలకథలోని ఇనుయి అనే పాత్రలో బాగా కనిపిస్తుంది. మొదటి ఏడాది పిల్లలు వేసవి వరకు అంతర్గత పోటీల్లో పాల్గొనకూడదన్న ఆనవాయితీని పక్కన పెట్టి, కెప్టెన్ తెజుకా కథానాయకుడైన ర్యోమాకు అవకాశమిస్తాడు. చైనా సీరియల్‌లో లూ షియాగా మారినది ఈ ర్యోమాయే. అప్పుడు ర్యోమా చేతిలో ఓడినవారిలో, చివరికి జట్టులో స్థానం కోల్పోయినవారిలో ఇనుయి ఒకడు. ఎదుటివాళ్ల ఆటను లెక్కలు కట్టి నోటుపుస్తకంలో రాసుకునే అలవాటున్న ఆ కుర్రవాడు అలిగి వెళ్లిపోలేదు. అదే పుస్తకం చేతపట్టుకుని మిగిలినవారికి సాధన పట్టికలు తయారుచేసి ఇచ్చాడు, తన స్థానం తీసుకున్నవాడికి కూడా. తర్వాత మళ్లీ పోటీపడి జట్టులోకి వచ్చాడు. కథానాయకుడి గెలుపులన్నింటికంటే నాకు ఈ ఘట్టమే గొప్పగా తోస్తుంది. మీ బడిలో పన్నెండుగురిలో చోటు దక్కని పదమూడో పిల్లవాడికి చెప్పదగిన కథ ఇది.

డబుల్స్ విషయంలో మరో ఘట్టం ఉంది. సింగిల్స్‌లో ఆరితేరిన ర్యోమా, మొమొషిరో కలిసి మొదటిసారి డబుల్స్ ఆడినప్పుడు ఇద్దరూ ఒకే బంతికి పరుగెత్తి అభాసుపాలవుతారు. చివరికి కోర్టును మధ్యకు చీల్చుకుని, ఎవరి సగం వాళ్లే ఆడుకుని గట్టెక్కుతారు. చూడడానికి నవ్వు తెప్పించినా, ఇద్దరు సమర్థులు కలిసినంత మాత్రాన జంట కాదన్న సంగతి అందులో ఎంతో సూటిగా ఉంది.

ఇక కెప్టెన్ ఆట. ర్యోమా జట్టుకు ప్రత్యర్థి అయిన హ్యోతెయి బడితో జరిగిన పోటీలో, అవతలి కెప్టెన్ అతోబె ఒక్కో పాయింటునూ సాగదీస్తూ, తెజుకా చేతికున్న పాత గాయం తిరగబెట్టేలా చేస్తాడు. భుజం పట్టేసినా తెజుకా ఆట విడవడు. ఆట సమానమైనప్పుడు గెలుపును తేల్చే టైబ్రేక్ 37-35 దాకా వెళ్లి, తెజుకా ఓడిపోతాడు. అంతకుముందు ఒక సింగిల్స్‌లో ఇద్దరు ఆటగాళ్లూ గాయపడి ఫలితం తేలకపోవడంతో రెండు జట్లు చెరి రెండు గెలుపులతో సమానమవుతాయి. అప్పుడు అదనపు ఆటగాడిగా కూర్చున్న కుర్రవాడికి పిలుపు వస్తుంది. అదనపు ఆటగాడిగా ఆ రోజు బల్ల మీద ఉన్నది కథానాయకుడే. కెప్టెన్ ఓటమి, అదనపు ఆటగాడి వంతు ఒకదాని వెంట ఒకటి రావడంలో కొనోమి నేర్పు కనిపిస్తుంది. అయితే గాయంతో ఆడడాన్ని వీరత్వంగా చూపించిన చోట నేను కథకుడితో ఏకీభవించను. మీ పిల్లలతో ఈ భాగం చూస్తే, నిజమైన పోటీలో అక్కడ ఆట ఆపించవలసిన బాధ్యత పెద్దవాళ్లదని తప్పక చెప్పండి.

ప్రశ్న: ఆ సీరియల్‌లో బంతిని కొట్టే దెబ్బలు నిజంగా సాధ్యమేనా? ట్విస్ట్ సర్వీసు నేర్చుకోవాలని ఉంది. – ఒక ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: కొన్ని నిజం, కొన్ని కల్పన. ట్విస్ట్ సర్వీసు పూర్తిగా నిజమే. మన కోచ్‌లు దాన్ని కిక్ సర్వీసు అంటారు. బంతిని తల మీదుగా కొద్దిగా వెనక్కు ఎగరేసి, రాకెట్‌ను కింది నుంచి పైకి, పక్కకు రాసుకుంటూ తిప్పితే బంతి ముందుకు బలంగా గిరగిర తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్ల గాలి బంతిని కిందికి నొక్కుతుంది కాబట్టి నెట్టుకు చాలా ఎత్తు నుంచి వెళ్లినా గీత లోపలే పడుతుంది. పడిన తర్వాత ఎత్తుగా, ఒక పక్కకు ఎగురుతుంది. కుడిచేతి ఆటగాడు కొడితే ఎదుట ఉన్న కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ వైపు లేస్తుంది. పెద్ద ఆటగాళ్లలో చాలామంది రెండో సర్వీసుకు (మొదటిది తప్పితే దొరికే మరో అవకాశం) దీన్ని నమ్ముకోవడానికి కారణం ఇదే. నేల మీద పడ్డాక నెట్టు వైపు వెనక్కి మళ్లే డ్రాప్ షాట్ (నెట్టు దాటగానే పడేలా మెల్లగా కొట్టే దెబ్బ) కూడా, వెనక్కి తిరిగే వేగం తగినంత ఉంటే, అరుదుగానైనా సాధ్యమే. కెప్టెన్ కదలకుండా నిలుచుంటే ఎదుటివాడు కొట్టిన ప్రతి బంతీ అతని దగ్గరికే వచ్చి వాలడం మాత్రం బొమ్మల కథకే చెల్లుతుంది.

నేర్చుకోండి, కాని తొందరపడకండి. ఈ సర్వీసులో నడుమును బాగా వెనక్కి వంచి మెలితిప్పవలసి వస్తుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో రోజూ పదేపదే కొడితే నడుము కింది భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది. మామూలు సర్వీసు స్థిరపడిన తర్వాత, పొట్ట, నడుము కండరాలకు వ్యాయామం చేస్తూ, కోచ్ ఎదుట కొద్ది సంఖ్యతో మొదలుపెట్టండి. నొప్పి మొదలైతే అదే రోజు ఆపండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈ సీరియల్ చూసి టెన్నిస్ క్రీడాకారిణి అవుతానంటోంది. చైనాలో నిజంగా బడి జట్ల నుంచే పెద్ద ఆటగాళ్లు వస్తున్నారా? వచ్చే ఏడాది ఆమెను రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాలనుకుంటున్నాము. – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: చైనాలో పెద్ద ఆటగాళ్లు వచ్చిన దారి సీరియల్‌లో చూపించిన దారి కాదు. వూహాన్‌లో పుట్టిన లీ నా చిన్నప్పుడు బ్యాడ్మింటన్ ఆడేది. కోచ్ సలహాతో టెన్నిస్‌కు మారి, ప్రభుత్వ క్రీడా వ్యవస్థలోనే రాష్ట్ర జట్టుకు, అక్కడి నుంచి జాతీయ జట్టుకు ఎదిగింది. ఆ వ్యవస్థలో శిక్షణ, వసతి ప్రభుత్వానివి. దానికి బదులుగా ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఎక్కడ ఆడాలి అన్నది అధికారులు నిర్ణయిస్తారు. ప్రైజు మనీలో దాదాపు 65 శాతం వ్యవస్థకే పోయేది. లీ నా 2002లో జాతీయ జట్టును వదిలి విశ్వవిద్యాలయంలో చదువుకు వెళ్లి, 2004లో తిరిగి ఆటలోకి వచ్చింది. 2008 చివరిలో ఆమెతోపాటు మరి కొందరికి సొంతంగా కోచ్‌లను పెట్టుకుని, తమ పోటీలు తామే ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చారు. అప్పటి నుంచి చెల్లించవలసిన వాటా 8 నుంచి 12 శాతానికి తగ్గింది. ఆమె 2011లో ఫ్రెంచ్ ఓపెన్, 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన ఝెంగ్ చిన్‌వెన్‌ది మరో దారి. చిన్న వయసులోనే తండ్రి ఆమెను ఊరు దాటించి వూహాన్‌లో శిక్షణలో పెట్టాడు. తర్వాత ఆమె స్పెయిన్‌లో సాధన చేసింది. మన హైదరాబాద్‌లో సానియా మీర్జా ఎదిగింది కూడా తండ్రి ఇమ్రాన్ వెంట ఉండి ఆడించడం వల్లనే; 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచేనాటికి దాని వెనక ఆ కుటుంబం పడిన ఏళ్ల శ్రమ ఉంది.

అక్కడి పిల్లలకూ హైస్కూలు చివర గావ్‌కావ్ అనే ప్రవేశపరీక్ష ఉంటుంది. ఏటా జూన్ మొదట్లో జరిగే ఆ పరీక్ష కోసం వాళ్ల ఇళ్లలో పడే ఆరాటం మన ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ ఇళ్లకు కొత్త కాదు. సాయంత్రమంతా కోర్టులో గడిపే హైస్కూలు పిల్లలను చూపడంలో ఆ సమాజం తన పిల్లలకు ఇవ్వాలని కోరుకుంటున్నదేదో ఉందని నాకనిపిస్తుంది. మీ అమ్మాయి కోరుతున్నది కూడా బహుశా అదే. ఆమె ఇప్పటికే జూనియర్ పోటీల్లో ఆడుతుంటే క్రీడాకారిణి కావడం గురించి కోచ్‌తో వివరంగా మాట్లాడండి. ఇప్పుడే మొదలుపెడుతున్నట్లయితే ఆ స్థాయి చాలా కష్టమని దాచకుండా చెప్పండి. ఏది ఏమైనా ఆడడం మాన్పించకండి. కాలేజీని ఎంచేటప్పుడు ఆటస్థలం ఉందా, రోజూ సాయంత్రం ఒక గంట పిల్లల్ని ఆడనిస్తారా అని అడగండి, ఫీజు కట్టకముందే అడగండి. లేదంటే ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీ చూడండి. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడవలసిందిగా నా ప్రార్థన.

ప్రశ్న: మా పిల్లలిద్దరూ ఇక్కడి హైస్కూలు టెన్నిస్ జట్టులో ఆడుతున్నారు. వాళ్లతో కలిసి చూడాలంటే యానిమే ముందా, చైనా సీరియల్ ముందా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: సీరియల్‌తోనే మొదలుపెట్టండి. మూలకథలో కథానాయకుడికి పన్నెండేళ్లు. ఆ వయసువాడు అటువంటి సర్వీసులు కొడుతుంటే, స్వయంగా జట్టులో ఆడే మీ పిల్లలు నమ్మకపోవచ్చు. చైనావారు కథను హైస్కూలుకు జరపడం వల్ల శరీరాలకు, దెబ్బలకు పొంతన కుదిరింది. ప్రసారమయ్యేనాటికి పెంగ్ యూచాంగ్‌కు 24 ఏళ్లైనా, పెద్దల మాట పెడచెవిన పెట్టే కుర్రవాడి బింకాన్ని చక్కగా పట్టుకున్నాడు. మొదటి భాగాల్లో నడక మందంగా ఉంటుంది, కొంత ఓపిక పట్టాలి. నచ్చితే అప్పుడు యానిమే చూడండి; అన్నీ చూసే తీరిక లేకపోతే హ్యోతెయి బడితో పోటీ వరకు చూసినా చాలు. అన్నట్టు, చైనా పురుషుల్లో మొట్టమొదటి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) టైటిల్ గెలిచిన వూ యీబింగ్ 2023 ఫిబ్రవరిలో దాన్ని సాధించింది మీ డాలస్ టోర్నమెంటులోనే. ఆ ఫైనల్‌లో జాన్ ఇస్నర్ మీద అతని ఆట దొరికితే పిల్లలకు అది కూడా చూపించండి.