రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ కొనేముందు చార్జర్ సంగతి చూసుకోండి

పిల్లల బొమ్మ కార్లు, నాన్నగారి బీపీ మిషన్, టీవీ, ఏసీ రిమోట్లు, గోడ గడియారాలు అన్నిటికీ కలిపి రీచార్జబుల్ సెల్స్ కొందామనుకుంటున్నారు. ఏ కంపెనీవి తీసుకోవాలి, చార్జర్ ఏదైనా ఫరవాలేదా అని అడిగారు. చార్జర్ ఏదైనా ఫరవాలేదు అనుకోకండి. సెల్స్ కంటే దాని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మా ఇంట్లో ఈ సెల్స్ చాలా ఏళ్లుగా వాడుతున్నాం కాబట్టి గమనించినవి చెబుతాను.

ముందు మీ లిస్టులోంచి గోడ గడియారాలు తీసేయండి. అవి లాక్కునే కరెంటు ఎంత తక్కువంటే, కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్ వేసినా ఏడాది తిరిగేస్తాయి. గ్యాస్ గీజర్‌లో వేసే రెండు పెద్ద సెల్స్ కూడా అంతే. రిమోట్లకి వేస్తే వేయొచ్చు, పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. డబ్బులు మిగిలేది బొమ్మ కార్లు, గేమ్ కంట్రోలర్లు, టార్చ్‌లు, కెమెరా ఫ్లాష్‌ల దగ్గరే. వారం వారం సెల్స్ మింగేసేవన్నమాట.

ఇక చార్జర్. సెల్స్‌తో పాటు కాంబోలో చవగ్గా వచ్చే చార్జర్ ఒకటి మా బావగారింట్లో ఉంది. నేరుగా ప్లగ్గులో గుచ్చేది. సెల్స్ పెట్టగానే ఎర్ర లైటు వెలుగుతుంది, ప్లగ్గు పీకేదాకా వెలుగుతూనే ఉంటుంది. నిండాయో లేదో చెప్పదు, నిండినా ఆపదు. పొద్దున చూస్తే సెల్స్ చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటాయి. దానికంటే కాస్త నయం టైమర్ చార్జర్లు, ఇన్ని గంటలయ్యాక వాటంతటవే ఆగిపోతాయి. కానీ మన ఊళ్లలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, వచ్చిన ప్రతిసారీ చాలావాటిలో టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అప్పటికే నిండిన సెల్‌కి ఇంకో విడత ఎక్కుతుంది.

మంచి చార్జర్ ప్రతి సెల్‌నీ విడిగా చూస్తుంది. మామూలు రీచార్జబుల్ సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఆ సెల్ నిండిపోయినప్పుడు దాని వోల్టేజీ కొద్దిగా, మిల్లీవోల్టుల్లో, కిందికి దిగుతుంది. చార్జర్ దాన్ని పసిగట్టి ఆ ఒక్క సెల్‌కి ఆపేస్తుంది. అట్టపెట్టె మీద 'స్మార్ట్' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. షాపులోనే ఒక్క సెల్ పెట్టి చూడండి. జంటగా పెడితేనే వెలిగే రకమైతే వద్దు. ప్రతి గూటికీ సొంత లైటు ఉండాలి. తర్వాత వెనకాల చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ ఎంతో చూడండి. పెద్ద పెన్సిల్ సెల్‌కి, అంటే ఏఏకి, 500 నుంచి 1000 మిల్లీయాంపులు బాగుంటుంది. 2000 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) సెల్ 500తో నాలుగు గంటలు దాటాక నిండుతుంది. 200 మాత్రమే ఇస్తే రాత్రంతా కూడా చాలదు. పైగా అంత మెల్లగా ఎక్కిస్తే ఆ వోల్టేజీ దిగడం చార్జర్‌కి సరిగా తెలియదు. పావుగంటలో నింపేస్తామనే చార్జర్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

సెల్స్ విషయంలో 'రెడీ టు యూజ్' లేదా 'ప్రీ చార్జ్‌డ్' అని రాసి ఉన్నవే తీసుకోండి. పాత రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడకుండా డ్రాయర్‌లో పడేసినా వాటంతటవే ఖాళీ అయిపోయేవి. 2005లో శాన్యో కంపెనీ ఎనిలూప్ అని తెచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. ఇప్పుడవి పానసోనిక్ పేరుతో వస్తున్నాయి. ఇతర కంపెనీలవీ ఉన్నాయి. ఏఏ సైజులో 2000 దగ్గర ఉన్నవి ఇంటికి చాలు. 2500 దగ్గరవి ఒక్క చార్జ్‌తో ఎక్కువసేపు వస్తాయి, కానీ మొత్తం మీద తక్కువసార్లే చార్జ్ అవుతాయి. చిన్న పెన్సిల్ సెల్‌కి, అంటే ఏఏఏకి, 800 అంటే మంచిదే. 3500, 4000 అని రాసిన ఏఏ సెల్స్ ఆన్‌లైన్‌లో కనిపిస్తే దాటేయండి. ఈ రకంలో ఆ సైజులో అంత పట్టదు.

ఈమధ్య యూఎస్‌బీ వైరు గుచ్చి చార్జ్ చేసే 1.5 వోల్టుల లిథియం సెల్స్ వస్తున్నాయి. వాటి మీద అంకె ఎంఏహెచ్‌లో కాకుండా ఎండబ్ల్యూహెచ్‌లో వేస్తారు, పెద్దదిగా కనిపిస్తుంది. ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణిస్తే ఎండబ్ల్యూహెచ్ వస్తుంది. మామూలు రీచార్జబుల్ సెల్ 1.2 వోల్టులు కాబట్టి 2000 ఎంఏహెచ్ సెల్ 2400 ఎండబ్ల్యూహెచ్‌తో సమానం, లెక్క చూసుకోండి. ఇవి చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి టపీమని ఆగిపోతాయి, ముందుగా హెచ్చరిక ఉండదు. వీటిని పొరపాటున కూడా నికెల్ చార్జర్‌లో పెట్టొద్దు.

బీపీ మిషన్ గురించి కాస్త టెన్షన్ పడ్డట్టున్నారు. మామూలు సెల్ 1.5 వోల్టులైతే రీచార్జబుల్ సెల్ 1.2 వోల్టులే కాబట్టి కొన్ని మిషన్లు సెల్‌లో చార్జ్ ఉండగానే బ్యాటరీ అయిపోయిందన్న గుర్తు చూపిస్తాయి. మా అమ్మ మిషన్ పట్టీలోకి గాలి ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోయేది. నాలుగు సెల్స్‌నీ విడివిడిగా చూస్తే ఒక్కటే నీరసంగా ఉంది, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. అది మార్చాక ఇబ్బంది లేదు. అయినా మీ మిషన్ మాన్యువల్‌లో ఆల్కలైన్ సెల్స్ (ఒకసారి వాడి పడేసేవి) మాత్రమే వాడమని ఉంటే అదే వాడండి, లేదా అడాప్టర్ కొనండి. నాన్నగారి బీపీ దగ్గర పొదుపు చూడక్కర్లేదు.

అమ్మ మిషన్‌లోలాగా ఒక్క నీరసపు సెల్ మిగతావాటిని ఇబ్బంది పెట్టకుండా సెల్స్‌ని సెట్లుగా వాడండి. కొన్న రోజే మార్కర్‌తో నాలుగింటి మీదా ఒకే అక్షరం, నెల, ఏడాది రాసేయండి. పాతది, కొత్తది కలిపితే ముందు ఖాళీ అయిన దాన్ని మిగతావి తిరగేసి చార్జ్ చేసి పాడుచేస్తాయి. పూర్తిగా అయిపోయేదాకా ఆగక్కర్లేదు, ఎప్పుడైనా చార్జ్ పెట్టుకోవచ్చు. మే నెలలో మాత్రం చార్జర్‌ని ఫ్రిజ్ మీద పెట్టకుండా రాత్రిపూట ఫ్యాన్ కింద పెట్టండి, వేడిలో ఇవి సరిగా చార్జ్ తీసుకోవు. చిల్లర, తాళాలతో కలిపి జేబులో వేసుకోవద్దు, రెండు చివర్లూ తగిలితే కాలిపోతాయి. ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి, చవకే.

మీకైతే ఎనిమిది ఏఏ, నాలుగు ఏఏఏ, నాలుగు గూళ్ల చార్జర్ ఒకటి సరిపోతుంది. బొమ్మల్లో నాలుగు తిరుగుతుంటే ఇంకో నాలుగు చార్జర్‌లో ఉంటాయి.