ఎగిరిన పావురానికీ ఎగరని పావురానికీ ఒకే వరుసా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

సంక్రాంతి తరువాత మాకు వచ్చిన ఉత్తరాల్లో పందెం పావురాలు, అంటే దూరాన వదిలితే ఎగిరి సొంత గూటికి చేరే పక్షులు, పెంచేవారివి ఈసారి ఎక్కువగా ఉన్నాయి. ప్రదర్శనలో విభాగాలు ఎలా ఉంటే అందరికీ న్యాయంగా ఉంటుందన్నదే అన్నింటిలోనూ ప్రశ్న కావడం వల్ల, వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మొన్న పండగకు మా సంఘం తరఫున విజయనగరంలో కల్యాణమండపం అద్దెకు తీసుకుని పందెం పావురాల ప్రదర్శన పెట్టాం. ముప్పై నాలుగు పక్షులు వచ్చాయి. అన్నింటినీ ఒకే వరుసలో ఉంచి మూడు బహుమతులు ఇచ్చాం. మొదటి బహుమతి పొందిన పోతు పుట్టిన దగ్గర నుంచి గూడు దాటి ఎగరలేదని తరువాత తెలిసింది. బరంపురం నుంచి రెండుసార్లు ఎగిరి వచ్చిన నా పెట్టకు తోకలో ఒక ఈక విరిగి ఉందని మార్కులు తగ్గించారు. వచ్చే ఏడాది గొడవ రాకుండా విభాగాలు ఎలా చేయాలి? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ న్యాయనిర్ణేత తప్పు చేశారని నేను అనుకోను. ముప్పై నాలుగు పక్షుల్లో ఆ ఉదయం ఏది నిండుగా, నునుపుగా ఉందో చెప్పమని మీరు ఆయన్ను అడిగారు, ఆయన చెప్పారు. గూట్లోనే ఉండే పోతును డేగ తరమదు, వాన తడపదు, దానికి మేత వేళ తప్పదు. బరంపురం నుంచి గాలి దారిన దాదాపు 200 కి.మీ. వచ్చిన పెట్ట దాని పక్కన నిలబడితే వెలిసిపోయినట్టే కనిపిస్తుంది. ఆ రెండింటినీ ఒకే వరుసలో పెట్టినప్పుడే తగవు మొదలైంది గనుక, దాన్ని తీర్చవలసిన చోటు కూడా ఉదయం పేర్లు రాసుకునే బల్లే.

మొదటి గీత ఎగిరినవి, ఎగరనివి అన్న చోట గీయాలి. ఇది మనం కొత్తగా కనిపెట్టవలసిన సంగతి కాదు. 1948లో ఏర్పడి, బ్రస్సెల్స్ కేంద్రంగా నడుస్తున్న అంతర్జాతీయ పావురాల పందేల సమాఖ్య రెండేళ్లకొకసారి జరిపే ఒలింపియాడ్‌లో రూపాన్ని బట్టి ఎంచే విభాగం వేరు, పందేల ఫలితాలను బట్టి ఎంచే విభాగం వేరు. రూపం విభాగంలో నిలబెట్టే పక్షి కూడా ఇన్ని కిలోమీటర్ల పందెం ఎగిరి ఉండాలన్న షరతు అక్కడ ఉంది. బ్రిటన్ ప్రదర్శనల్లోనూ ఎగిరిన పక్షులకు విడి వరుసలు ఉంటాయి. పందెం పావురానికి విలువ దారి పట్టి ఇంటికి చేరడంలో ఉంది కదా! మన పొరుగునే కోరాపుట్‌లో 1946లో సైన్యం ఇచ్చిన పావురాలతో ఒడిశా పోలీసులు వార్తలు పంపడం మొదలుపెట్టింది ఈకల మెరుపు చూసి కాదు.

ఎగిరింది అనే మాటకు అర్థం ఏమిటో ముందే కాగితం మీద ఉండాలి. 'మాది టెక్కలి నుంచి వచ్చేసిందండీ' అన్న యజమాని మాట ఒక్కటే చాలదు. మన జిల్లాల్లో 100 కి.మీ. గీత పెట్టుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. విజయనగరం గూటికి శ్రీకాకుళం 60 కి.మీ. లోపే ఉంటుంది కాబట్టి అది సాధన కిందికి వస్తుంది. పలాస దాదాపు 130 కి.మీ. ఉంటుంది కాబట్టి అది పందెం కిందికి వస్తుంది. వదిలిన చోటు, వదిలిన సమయం, చేరిన సమయం, కాలి రింగు సంఖ్య ఉన్న ఫలితాల పత్రాన్ని సంఘం బాధ్యులు ఇద్దరు సంతకం చేసి భద్రపరచాలి. ప్రదర్శన రోజు ఆ పత్రంలోని సంఖ్యనూ పక్షి కాలి మీది సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే ఎగిరిన విభాగంలో పేరు రాయాలి. పత్రం లేని పక్షి ఎంత గొప్పదైనా ఎగరని విభాగానికే వెళుతుంది. దీనికి కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

రెండో గీత వయసు. ఇక్కడ మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. సంఖ్య, పుట్టిన సంవత్సరం ఉండే అతుకు లేని కాలి రింగును పిల్లకు ఏడో రోజు అటూ ఇటూగా తొడుగుతారు. ముందరి మూడు వేళ్లనూ కలిపి రింగులో దూర్చి, వెనక వేలిని కాలి వెంబడి పైకి ఆనించి పట్టుకుని, రింగును దాని మీదుగా పైకి జరిపి, చివర ఆ వేలిని అగ్గిపుల్లతో మెల్లగా బయటికి తీస్తారు. మూడు నాలుగు రోజులు ఆలస్యమైతే పాదం పెరిగిపోయి రింగు ఎక్కదు. పెద్ద పక్షి కాలికి అతుకు లేని రింగు ఉందంటే అది పిల్లప్పుడు తొడిగిందే, దాని మీది సంవత్సరాన్ని నమ్మవచ్చు. బజారులో దొరికే ప్లాస్టిక్ చుట్టు రింగులు ఎప్పుడైనా తొడగవచ్చు, ఎప్పుడైనా తీయవచ్చు. వయసుకు అవి సాక్ష్యం కావు.

అయితే సంవత్సరం ఒక్కటే చూస్తే మరో అన్యాయం జరుగుతుంది. మన వైపు పావురాలు ఇంచుమించు ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి. 2025 రింగుతో జనవరిలో పుట్టిన పక్షీ, అదే 2025 రింగుతో నవంబరులో పుట్టిన పక్షీ 2026 సంక్రాంతి ప్రదర్శనకు వస్తే, ఒకటి ఏడాది నిండిన పక్షి, మరొకటి రెండున్నర నెలల పసిది. రింగు చూసి రెండింటినీ 'ఈ ఏటి పిల్లలు' అంటే చిన్నది నిలవదు. రెక్క విప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది. రెక్క చివర ఉండే పది పెద్ద ఈకలు లోపలి వైపు నుంచి మొదలై ఒక్కొక్కటిగా రాలి కొత్తవి వస్తాయి; పిల్లకు ఇది ఆరేడు వారాల వయసులో మొదలై, పూర్తి కావడానికి నెలలు పడుతుంది. పది ఈకలూ మార్చుకున్న పిల్లలు ఒక వరుసలో, ఇంకా పసి ఈకలు మిగిలినవి ఇంకొక వరుసలో ఉంటే సరిపోతుంది. దీనికి ఏ కాగితమూ అక్కర్లేదు.

మూడో గీత పోతు, పెట్ట. పోతు తల బరువు, ఛాతీ వెడల్పు. పెట్ట సన్నగా, చేతిలో ఇమిడిపోయేలా ఉంటుంది. ఒకే వరుసలో పెడితే ఎంత నిష్పాక్షికంగా చూసే చేయైనా నిండుగా ఉన్న దాని వైపే మొగ్గుతుంది.

ఇంతకన్నా ఎక్కువ గీతలు గీయకండి. ఒకచోట ఇరవై పక్షులకు పద్నాలుగు కప్పులు పంచిన ప్రదర్శనకు నేను వెళ్లాను. రెండు విభాగాల్లో ఒక్కొక్క పక్షే ఉంది, అయినా దానికి మొదటి బహుమతి ఇచ్చి ఫోటో తీశారు. ముప్పై నాలుగు పక్షులకైతే ఎగిరిన పోతులు, ఎగిరిన పెట్టలు, ఎగరని పెద్ద పక్షులు, పిల్లలు అని నాలుగు విభాగాలు చాలు. పిల్లలు పదికి మించి వస్తేనే వాటిని ఈకలను బట్టి రెండుగా చేయండి. ఏ విభాగంలోనైనా అయిదు కన్నా తక్కువ వస్తే దేనితో కలుపుతారో కూడా కరపత్రంలో ముందే రాయండి. ఆ ఉదయం కలిపితే ఎవరికో ఒకరికి కావాలని చేసినట్టే అనిపిస్తుంది. ప్రదర్శన మొత్తానికి ఒకే ఉత్తమ పక్షిని ఎంచేటట్టయితే, ఎగిరిన విభాగాల విజేతల్లోంచే ఎంచాలి.

మీ పెట్ట తోక ఈక సంగతికి వస్తే, ఎగిరిన విభాగంలో విరిగిన ఈకకు మార్కులు తగ్గించకూడదని నిబంధన పెట్టుకోవడం మంచిది. ఈక మీద అడ్డంగా కనిపించే సన్నని గీత విషయం వేరు. రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, ఈనెకు రెండు వైపులా నూలుపోగు అడ్డంగా పెట్టి నొక్కినట్టు ఒక చార కనిపిస్తుంది. ఆ ఈక పెరుగుతున్న రోజుల్లో పక్షి ఆకలితోనో జబ్బుతోనో ఉందని దాని అర్థం. అది పెంపకంలో లోపం, దానికి ఏ విభాగంలోనైనా మార్కులు తగ్గించవచ్చు.

ప్రశ్న: నేను ఇంటి మేడ మీద పన్నెండు పావురాలు పెంచుతున్నాను. పెట్ట అని రాయించిన నా పక్షిని, అది గొంతు ఉబ్బించి గిరగిర తిరుగుతోంది కాబట్టి పోతు అని చెప్పి, వేరే విభాగంలోకి మార్చేశారు. నెల తిరక్కుండానే అది గుడ్లు పెట్టింది. ఇలాంటప్పుడు ఎవరి మాట చెల్లాలి? – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, గుడ్డు కన్నా పెద్ద సాక్ష్యం లేదు. పెట్టలు కూడా, ముఖ్యంగా పోతు లేని గూటిలో, గొంతు ఉబ్బించి తిరుగుతాయి. రెండు పెట్టలు జతకట్టి కాపురం చేయడం కూడా కద్దు. గూట్లో రెండు గుడ్లు ఉండవలసిన చోట నాలుగు కనిపిస్తే రెండూ పెట్టలేనని అనుభవం ఉన్నవారు నవ్వుతూ చెబుతారు. బోను ముందు రెండు నిమిషాలు నిలబడి నడవడిక చూసి విభాగం మార్చడం సరైన పద్ధతి కాదు. యజమాని రాయించినదే చెల్లుతుందని, ఎవరైనా అభ్యంతరం చెబితే న్యాయనిర్ణేత చూడటం మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా చెప్పాలని, రాయించినది అబద్ధమని తరువాత రుజువైతే బహుమతి వెనక్కి తీసుకుంటారని నిబంధన ఉంటే సరిపోతుంది. మీ పక్షికి ఆ రోజు జరిగిన నష్టాన్ని ఇప్పుడు ఎవరూ పూడ్చలేరు గానీ, గుడ్లు పెట్టిన తేదీ రింగు సంఖ్యతో సహా పుస్తకంలో రాసి ఉంచుకోండి.

ప్రశ్న: పలాస నుంచి వదిలిన పందెంలో మా పక్షి విజయనగరం పక్షి కన్నా ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ప్రదర్శనలో 'పందెం విజేతలు' అనే విభాగంలోకి దాన్ని రానివ్వలేదు. మా గూడు దూరమైతే ఆ తప్పు మాదా? – ఒక పాఠకుడు, కొత్తవలస

జవాబు: మీరే గెలిచి ఉండవచ్చు. గడియారం చూసి ఎవరు ముందు చేరారో చెబితే ఊరి చివర గూడు ఉన్నవారికి ఎన్నటికీ గెలుపు రాదు. అందుకే పందేల్లో దూరాన్ని కాలంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లు వచ్చిందో లెక్క వేస్తారు. ఉదయం ఆరు గంటలకు పలాసలో వదిలారనుకుందాం. 130 కి.మీ. దూరాన ఉన్న విజయనగరం గూటికి ఎనిమిదికి చేరిన పక్షి 120 నిమిషాల్లో వచ్చింది, అంటే నిమిషానికి 1083 మీటర్లు. 160 కి.మీ. దూరాన ఉన్న కొత్తవలస గూటికి ఎనిమిది ఇరవై అయిదుకు చేరిన పక్షి 145 నిమిషాల్లో వచ్చింది, అంటే నిమిషానికి 1103 మీటర్లు. మొదటి స్థానం రెండోదానిదే. దూరాన్ని రోడ్డు మైలురాళ్లను బట్టి కాకుండా, వదిలిన చోటు నుంచి ప్రతి గూటికీ తిన్నని గీతలో కొలవాలి. ఈ రోజుల్లో ఫోన్‌లోనే ఆ పని అయిపోతుంది.

ఇంకొక మాట. ప్రదర్శనలో 'పందెం విజేతలు' అనే విభాగం అసలు ఉండాలా అన్నది నాకు సందేహమే. విజేతకు పందెం రోజునే కప్పు ఇచ్చారు, ప్రదర్శనలో మళ్లీ దానికే విడి వరుస దేనికి? ఇంత దూరం ఎగిరి వచ్చిన పక్షి ఏదైనా నిలబడవచ్చు అని గీత పెడితే మీలాంటివారికి చోటు దొరుకుతుంది. సంఘంలో పక్షులు పెరిగిన తరువాత 100 కి.మీ. దాటినవి, 300 కి.మీ. దాటినవి అని రెండు వరుసలు చేసుకోవచ్చు.

ప్రశ్న: కంటి పాపను భూతద్దంతో చూసి మంచి పందెం పక్షిని చెప్పగలమని కొందరు అంటున్నారు. కంటికి మార్కులు ఇవ్వాలా? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: బ్రిటన్ ప్రదర్శనల్లో కంటి కోసమే విడి విభాగం పెట్టడం పాత అలవాటు. పాప చుట్టూ ఉండే వలయాలనూ రంగులనూ చూసి ఎంచుతారు. నాకు ఆ నమ్మకం లేదు, కానీ నమ్మేవారిని ఆపవలసిన పని కూడా లేదు. కావాలంటే విడిగా పెట్టుకోండి. మిగిలిన విభాగాల మార్కుల్లో మాత్రం దాన్ని కలపకండి. కన్ను తేటగా, నీరు కారకుండా ఉందా అన్నది ఆరోగ్యానికి సంబంధించిన విషయం, అది ప్రతి విభాగంలోనూ చూడవలసిందే.

ప్రశ్న: మా దగ్గర న్యాయనిర్ణేతగా కూర్చునే పెద్దాయనే ఊళ్లో సగం మందికి పావురాలు అమ్మారు. ఆయన పక్షులు కూడా ప్రదర్శనలో ఉంటాయి. ఎవరమూ నోరెత్తలేకపోతున్నాం. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆయన పెద్దరికానికి లోటు రాకుండానే సరిదిద్దవచ్చు. న్యాయనిర్ణేత సొంత పక్షులు ఆ రోజు పోటీలో ఉండకూడదు. చూపించాలనుకుంటే 'పోటీకి కాదు' అని రాసి విడిగా ఉంచవచ్చు. ఆయన అమ్మిన పక్షులున్న విభాగానికి విశాఖపట్నం నుంచో బొబ్బిలి నుంచో ఇంకొకరిని పిలిపించండి. దారి ఖర్చులు, భోజనం సంఘం చూసుకుంటే రాకుండా ఉండరు.

దానికన్నా ముందు బోనులన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో, సంఘమే ఏర్పాటు చేయాలి. ఇంటి నుంచి తెచ్చిన రంగు బోనును చూస్తేనే అది ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది. బోను మీద అంకె తప్ప పేరు ఉండకూడదు. పేర్ల పుస్తకం ఫలితాలు ప్రకటించేదాకా కార్యదర్శి దగ్గరే మూసి ఉండాలి. న్యాయనిర్ణేత చూస్తున్నంతసేపు యజమానులు తాడు అవతల నిలబడాలి, ఎందుకంటే తన బోను దగ్గరికి ఆయన రాగానే దగ్గేవారు, పావురాన్ని పేరు పెట్టి పిలిచేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.