పరిశ్రమల మంత్రా, పారిశ్రామిక మంత్రా?

సందేహం: మా అబ్బాయి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. అతని పుస్తకాల్లో ఒకే పదవికి రకరకాల పేర్లు కనిపిస్తున్నాయి. శ్యామాప్రసాద్ ముఖర్జీని ఒకచోట ‘తొలి పరిశ్రమల మంత్రి’ అన్నారు, మరోచోట ‘పారిశ్రామిక మంత్రి’ అన్నారు. హిందీ నుంచి తెచ్చినట్టున్న ఒక గైడులో ‘ఉద్యోగ మంత్రి’ అని ఉంది. సి. సుబ్రమణ్యం గారిని ఒకరు ‘పరిశ్రమలు, సైన్సు మంత్రి’ అని రాస్తే, ఇంకొకరు ‘పారిశ్రామికాభివృద్ధి, శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి’ అని రాశారు. ఏది సరైనది? ‘శాస్త్ర సాంకేతిక’ అన్నప్పుడు శాస్త్రం అంటే సైన్సేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో రెండు చిక్కులు కలిసిపోయాయి. ఒకటి తెలుగు వ్యాకరణానిది, రెండోది చరిత్రది. రెండోదాన్ని పక్కన పెట్టి మొదటిదాన్ని తేల్చలేం. ఎందుకంటే మీరు ఒకే పదవి అనుకుంటున్నది నిజానికి ఒకే పదవి కాదు. కేంద్రంలో పరిశ్రమలనూ సైన్సునూ చూసే బాధ్యత ఎన్నోసార్లు విడిపోయింది, కలిసింది, పేరు మార్చుకుంది. ఏ మంత్రికి ఏ పని అన్నది రాజ్యాంగం 77వ అధికరణం కింద రాష్ట్రపతి చేసే నియమాల ప్రకారం నడుస్తుంది. రాజ్యాంగంలో ‘పరిశ్రమల మంత్రి’ అనే శాశ్వతమైన పదవేమీ లేదు. అందువల్ల నా మొదటి సలహా: ఏ సంవత్సరం గురించి రాస్తున్నామో ఆ సంవత్సరంలో ఆ పదవికి ఉన్న పేరే రాయాలి.

ముందు ‘పరిశ్రమ’ సంగతి చూద్దాం. సంస్కృతంలో ఈ మాటకు శ్రమపడటం, గట్టిగా కృషి చేయడం అని అర్థం. తెలుగులోనూ ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ‘ఆయనకు వ్యాకరణంలో మంచి పరిశ్రమ ఉంది’, ‘సంగీతంలో పదేళ్లు పరిశ్రమ చేశాడు’ అంటాం కదా. ఆ మాటకే తరువాత ఫ్యాక్టరీలు, ఉత్పత్తి రంగం అనే అర్థం వచ్చింది. ఇప్పుడు చక్కెర పరిశ్రమ, సినీ పరిశ్రమ అంటే ఎవరూ శ్రమ అనే పాత అర్థం తీసుకోరు.

ఇదే భావానికి పొరుగు భాషలు వేరే సంస్కృత పదాలు ఎంచుకున్నాయి. అనువాదకులు తడబడేది అక్కడే. హిందీలో పరిశ్రమను ‘ఉద్యోగ్’ అంటారు. మనకు ఉద్యోగం అంటే కొలువు. (భారతంలోని ఉద్యోగ పర్వంలో మాత్రం ఆ మాటకు ప్రయత్నం, సన్నాహం అని పాత అర్థం.) కన్నడంలో ‘ఉద్యమ’ అనీ ‘కైగారికె’ అనీ రెండూ వాడతారు. మనకు ఉద్యమం అంటే జనం చేసే పోరాటం. మలయాళంలోనైతే పరిశ్రమే ‘వ్యవసాయం’! తిరువనంతపురంలో ‘వ్యవసాయ మంత్రి’ అంటే పరిశ్రమల మంత్రి, సేద్యం చూసే ఆయన ‘కృషి మంత్రి’. సి. సుబ్రమణ్యం గారు 1960లలో ఆహార, వ్యవసాయ శాఖ చూసి, ఆ తరువాత పారిశ్రామికాభివృద్ధి చూశారు. మలయాళ పుస్తకం దగ్గర పెట్టుకొని ఆయన గురించి తెలుగులో రాసేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించండి. కాబట్టి మీ అబ్బాయి గైడులోని ‘ఉద్యోగ మంత్రి’ ముమ్మాటికీ తప్పు. అక్కడ హిందీ పదం లిపి మార్చుకొని వచ్చిందే తప్ప తెలుగులోకి అనువాదం కాలేదు. పరీక్షకు చదివే పిల్లలు దాన్ని ఉపాధి కల్పన మంత్రి అనుకునే ప్రమాదం ఉంది.

ఇక ‘పరిశ్రమల’, ‘పారిశ్రామిక’ – ఈ రెండింటి తేడా. ‘పరిశ్రమలు’ నామవాచకం. షష్ఠిలో ‘పరిశ్రమల’ అవుతుంది. పరిశ్రమల మంత్రి అంటే పరిశ్రమల వ్యవహారాలు చూసే మంత్రి. ‘పారిశ్రామిక’ విశేషణం. దానికి వెంటనే తాను విశేషించే నామవాచకం కావాలి: పారిశ్రామిక విధానం, పారిశ్రామికవాడ, పారిశ్రామిక ప్రగతి. ‘పారిశ్రామిక మంత్రి’ అంటే ఆ విశేషణం మంత్రి మీద పడుతుంది. ఆయన మంత్రే గాని ఆయన పారిశ్రామికం కాదు. ‘మరి ఆర్థిక మంత్రి అంటున్నాం కదా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ ‘అర్థ మంత్రి’ అంటే వినేవాడికి అర్థం కాదు, ‘అర్థం’ అనే మాట తెలుగులో భావం అనే వైపు పూర్తిగా మళ్లిపోయింది. అందుకని విశేషణం స్థిరపడింది. పరిశ్రమ విషయంలో అలాంటి ఇబ్బంది లేదు. వాడుకలో స్థిరపడినదాన్ని కదిలించనక్కర్లేదు, అదే సాకుగా కొత్తవి చేర్చుకోనూ అక్కర్లేదు.

కొందరు పండితులు ‘పారిశ్రామిక’ కూడా తప్పేనంటారు. విజ్ఞానం వైజ్ఞానికం, సంకేతం సాంకేతికం అయినట్టు మొదటి అచ్చుకే వృద్ధి (అ ఆ కావడం, ఇ ఐ కావడం వంటి మార్పు) రావాలి గనుక ‘పారిశ్రమిక’ అనాలని వారి వాదం. సంస్కృత సూత్రం ప్రకారం వారు చెప్పింది నిజమే. అయితే తెలుగులో ‘శ్రామిక’ అనే మాట బాగా పాతుకుపోయి ఉంది. ఆ అలవాటే ‘శ్ర’కు దీర్ఘం ఇచ్చిందని నా అభిప్రాయం. పైగా హిందీలో ‘పారిశ్రమిక్’ అంటే పనికి ఇచ్చే ప్రతిఫలం. మనం పారిశ్రామిక అనే రూపాన్నే ఉంచుకుంటే గందరగోళం ఉండదు. దీన్ని సరిదిద్దడానికి నేను ఒప్పుకోను.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. 1947 ఆగస్టు 15న ఏర్పడిన మంత్రివర్గంలో శ్యామాప్రసాద్ ముఖర్జీ పదవి ‘పరిశ్రమలు, సరఫరాలు’. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. ఇంకా కొరత ఉన్న రోజులు కావడంతో సరుకుల సరఫరా కూడా ఆ శాఖతోనే ఉంది. 1948 ఏప్రిల్ 6న తొలి పారిశ్రామిక విధాన తీర్మానం వచ్చింది ఆయన హయాంలోనే. మైనారిటీల రక్షణకు భారత్, పాకిస్తాన్ ప్రధానులు చేసుకున్న నెహ్రూ–లియాఖత్ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ 1950 ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేశారు. ఆయన తరువాత వచ్చిన హరేకృష్ణ మహతాబ్ కాలంలో పరిశ్రమలకు వాణిజ్యం జోడైంది. 1952 నుంచి టి.టి. కృష్ణమాచారి, ఆ తరువాత మొరార్జీ దేశాయి, లాల్ బహదూర్ శాస్త్రి ‘వాణిజ్య, పరిశ్రమల’ మంత్రులుగా పనిచేశారు. కనుక ముఖర్జీని ‘పరిశ్రమలు, సరఫరాల మంత్రి’ అనీ, శాస్త్రిగారిని ‘వాణిజ్య, పరిశ్రమల మంత్రి’ అనీ రాయాలి. ఇద్దరినీ ‘పరిశ్రమల మంత్రి’ అంటే తప్పు కాదు గాని, సగమే చెప్పినట్టు. పోటీ పరీక్షలో ఆ మిగతా సగమే ప్రశ్నగా రావచ్చు.

ఈ కాలమంతా సైన్సు ఎక్కడుంది? పరిశ్రమలతో లేదు. అయినా ఆ రెండింటి బంధం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1940లో, యుద్ధ సమయంలో, వైస్రాయ్ కౌన్సిల్‌లో వాణిజ్యం చూస్తున్న రామస్వామి ముదలియార్ అధ్యక్షుడిగా, రసాయన శాస్త్రవేత్త శాంతిస్వరూప్ భట్నాగర్ డైరెక్టర్‌గా ఒక బోర్డు ఏర్పడింది. దాని పేరులోనే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన అనే రెండూ ఉన్నాయి. 1942 సెప్టెంబరులో అదే కోవలో సి.ఎస్.ఐ.ఆర్. (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) పుట్టింది. హైదరాబాదులోనూ 1944లో నిజాం ప్రభుత్వం ఇదే తరహా పేరుతో కేంద్ర ప్రయోగశాలలు పెట్టింది. అవే 1956లో సి.ఎస్.ఐ.ఆర్. చేతికి వచ్చి, ‘ప్రాంతీయ పరిశోధనశాల’గా పేరు పొంది, 1989 నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా తార్నాకలో కొనసాగుతున్నాయి. అక్కడి పాత ఉద్యోగులు ఇప్పటికీ, ప్రాంతీయ పరిశోధనశాల ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపంగా, ‘ఆర్.ఆర్.ఎల్.’ అనే అంటారు.

ప్రభుత్వంలో మాత్రం సైన్సు దారి వేరుగా సాగింది. 1948లో శాస్త్ర పరిశోధన విభాగం ఏర్పడితే నెహ్రూ దాన్ని తన దగ్గరే ఉంచుకొని, భట్నాగర్‌ను కార్యదర్శిని చేశారు. 1951లో సహజ వనరులు, శాస్త్ర పరిశోధన కలిపి ఒక మంత్రిత్వ శాఖ అయింది. తరువాత మౌలానా ఆజాద్ దగ్గర అది విద్యతో పాటు ఉంది. 1958లో సాంస్కృతిక వ్యవహారాలతో కలిసి హుమాయూన్ కబీర్ చేతికి వెళ్లింది. వనరులతో ఒకసారి, విద్యతో ఒకసారి, సంస్కృతితో ఒకసారి: సైన్సును దేనితో జోడించాలో ప్రభుత్వం వెతుక్కున్న కాలం అది. నాకు ఈ భాగమే చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. పదవి పేరు చదివితే, ఆ రోజుల్లో సైన్సు అంటే పాలకులు ఏమనుకున్నారో తెలుస్తుంది.

1971 మేలో శాస్త్ర సాంకేతిక విభాగం ఏర్పడింది. అదే ఏడాది సైన్సు, టెక్నాలజీకి జాతీయ కమిటీ ఒకటి వేసి, దాని బాధ్యత సి. సుబ్రమణ్యం గారికి ఇచ్చారు. 1972లో ఆయన పారిశ్రామికాభివృద్ధి శాఖకూ వచ్చారు. అలా పరిశ్రమ, సైన్సు రెండూ ఒకే మంత్రి పేరు కింద చేరాయి. 1974లో ఆయన ఆర్థిక మంత్రి అయ్యేదాకా అంతే. మీరు అడిగిన రెండో పేరు ఇదే. దాన్ని ‘పారిశ్రామికాభివృద్ధి, శాస్త్ర సాంకేతిక శాఖల మంత్రి’ అని రాయాలి. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ‘పారిశ్రామిక’ ఇక్కడ సరిగ్గా కుదిరింది, ఎందుకంటే ‘అభివృద్ధి’ అనే నామవాచకం దాని వెనుక ఉంది. రెండోది, ‘శాఖ’ కాదు, ‘శాఖల’. చూసేవి రెండు శాఖలైతే బహువచనం, ఒకే శాఖ పేరులో రెండు విషయాలుంటే ఏకవచనం. శాస్త్రిగారిది ‘వాణిజ్య, పరిశ్రమల శాఖ’, ఒకటే. ఈ ఒక్క అక్షరం చూసుకుంటే తెలుగు పుస్తకాల్లోని సగం అస్పష్టత పోతుంది. ‘పరిశ్రమలు, సైన్సు మంత్రి’ అనేది మాటల్లో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గాని పదవి పేరుగా పనికిరాదు. అందులో అభివృద్ధీ పోయింది, సాంకేతికతా పోయింది.

ఇక ‘శాస్త్రం అంటే సైన్సేనా’ అన్న మీ ప్రశ్న. ఈ పేరులో అవును. అయితే తెలుగులో శాస్త్రం చాలా విశాలమైన మాట. ధర్మశాస్త్రం, అలంకారశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం అన్నీ శాస్త్రాలే. ‘శాస్త్రీయ సంగీతం’లో ఒక అర్థం, ‘శాస్త్రీయ దృక్పథం’లో ఇంకో అర్థం. హిందీ వాళ్లు సైన్సుకు ‘విజ్ఞాన్’ను కచ్చితంగా కేటాయించుకున్నారు. మనం రెండూ వాడుతున్నాం. 2012 అక్టోబరులో ఎస్. జైపాల్ రెడ్డి గారు తీసుకున్న బాధ్యతలను మన పత్రికలు ‘శాస్త్ర సాంకేతిక, భూవిజ్ఞాన శాఖలు’ అని రాశాయి. మొదటి శాఖలో సైన్సు శాస్త్రమైంది, రెండో శాఖలో విజ్ఞానమైంది. ఇందులో నాకు అభ్యంతరం లేదు. ‘భూశాస్త్రం’ అంటే బడిలో చెప్పే జియాలజీ అనుకుంటారు, అందుకని విజ్ఞానమే మేలు. ‘శాస్త్ర సాంకేతిక’లో మాత్రం చిన్న లోపం ఉంది. ‘సాంకేతిక’ విశేషణం. దాని వెనుక ‘విజ్ఞానం’ లేదా ‘పరిజ్ఞానం’ ఉండాలి. ‘శాస్త్ర, సాంకేతిక విజ్ఞాన శాఖ’ అంటే నిండుగా ఉంటుంది. కాని యాభై ఏళ్లకు పైగా చెల్లుబాటైన పొట్టి పేరును ఇప్పుడు మార్చమని నేను చెప్పను.

‘మంత్రిత్వ శాఖ’, ‘విభాగం’ అనే మాటలను కూడా వేరుగా ఉంచుకోవాలి. శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖలో ఇప్పుడు మూడు విభాగాలున్నాయి: శాస్త్ర సాంకేతిక విభాగం, బయోటెక్నాలజీ విభాగం, 1985 జనవరిలో వచ్చిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం. మూడింటినీ ‘శాఖ’ అనేస్తే మొదటిదానికీ మొత్తానికీ తేడా తెలియదు. పరిశ్రమల వైపూ అంతే. వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద ఉన్న పరిశ్రమల విభాగం పేరు 2019లో మారింది, అంతర్గత వాణిజ్యం కూడా అందులో చేరింది. మంత్రిత్వ శాఖ పేరు మారలేదు.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, పరీక్షల పుస్తకాల్లో తరచుగా తప్పు పడేది గనుక. 1986 నుంచి 1989 వరకు కేంద్రంలో పరిశ్రమల మంత్రి మన జలగం వెంగళరావు గారు. 1991 జూలై 24న, చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చినప్పుడు ఆ శాఖ మంత్రి ఎవరు? చాలామంది మన్మోహన్ సింగ్ అంటారు. ఆయన ఆ రోజు బడ్జెట్ ప్రవేశపెట్టిన ఆర్థిక మంత్రి. సభలో ఆ విధానాన్ని ఉంచింది పి.జె. కురియన్. అయితే ఆయన సహాయ మంత్రి. పరిశ్రమల శాఖను ప్రధాని పి.వి. నరసింహారావు గారు తన దగ్గరే ఉంచుకున్నారు. శాస్త్ర సాంకేతిక శాఖ కూడా అప్పుడు ఆయన దగ్గరే ఉంది. అంటే సుబ్రమణ్యం గారి కాలంలోలాగే అప్పుడూ పరిశ్రమలు, సైన్సు ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. కాబట్టి మీ అబ్బాయి నోట్సులో కురియన్ పేరు ముందు ‘పరిశ్రమల శాఖ సహాయ మంత్రి’ అనీ, పీవీ గారి విషయంలో ‘ప్రధానమంత్రి; పరిశ్రమలు, శాస్త్ర సాంకేతిక శాఖలు కూడా ఆయన వద్దే’ అనీ రాయించండి.