బండి మీద బతకడానికి హైదరాబాద్ వస్తున్నారా?

(యూసుఫ్‌గూడలో చాలా ఏళ్లుగా టూవీలర్ మెకానిక్ షెడ్డు నడుపుతున్న మా శీర్షిక రచయిత, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: అన్నయ్యా, మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. వయసు 23. బీకాం అయింది, ఉద్యోగం లేదు. మా ఫ్రెండ్ హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు, నెలకు 30 వేలు వస్తున్నాయంటున్నాడు. నన్నూ బండేసుకుని వచ్చెయ్యమంటున్నాడు. 110 సీసీ బండి ఉంది, నాన్న పేరు మీద తీసుకున్నాం, నెలకు 3,200 వాయిదా ఇంకా నడుస్తోంది. సిటీ ట్రాఫిక్‌లో ఎప్పుడూ నడపలేదు. రమ్మంటారా? రూమ్ ఎక్కడ చూసుకోవాలి? ముందుగా ఏం చూసుకుని రావాలి?

జవాబు: రా తమ్ముడూ. మాది టెక్కలి వైపు, నేనూ పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణే. అందుకని రావద్దని చెప్పను. కానీ మీ ఫ్రెండ్‌ని ఒక మాట అడుగు. ఆ 30 వేలు ఫోన్ స్క్రీన్ మీద కనిపించేవా, పెట్రోలు పోను చేతిలో మిగిలేవా?

లెక్క వేద్దాం. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగావనుకో. ఊళ్లో అరవై ఇచ్చే బండి ఇక్కడ సిగ్నళ్లలో ఆగుతూ ఆగుతూ నలభై ఎనిమిది ఇస్తే గొప్ప. అంటే రెండున్నర లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన రోజుకు 270 దాకా. నెలలో 26 రోజులు పనిచేస్తే ఏడు వేలు పెట్రోలుకే పోయాయి. ఇక బండి సంగతి. నెలకు మూడు వేల కిలోమీటర్లు దాటిపోతుంది. ఊళ్లో నాలుగైదు నెలలకోసారి మార్చే ఇంజిన్ ఆయిల్ ఇక్కడ నెల నెలా మార్చాలి. చైన్ స్ప్రాకెట్, టైర్లు, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు అన్నీ అదే లెక్కన అరుగుతాయి. దానికోసం రోజుకు వంద రూపాయలు పక్కన పెట్టాల్సిందే. అక్కడికి 2,600. గదిలో నీ వాటా నాలుగు వేలు, తిండికి ఆరు వేలు, బండి వాయిదా 3,200. మొత్తం తీసేస్తే ఇంటికి పంపగలిగేది ఏడు వేల చిల్లర. అదీ 30 వేలు వచ్చిన నెలలో. మొదటి నెల నీకంత రాదు, దారులు తెలియవు కాబట్టి. రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరు. లేకపోతే మొదటి వారమే అప్పు, ఆ అప్పు తీర్చడానికి రాత్రి రెండింటి దాకా బండి మీదే ఉండాల్సి వస్తుంది. నిద్ర లేని కుర్రాళ్లు పడిపోవడం నేను చాలా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ వంద రూపాయలను మాత్రం అన్నం డబ్బులతో కలపకు. వేరే అకౌంట్‌లో వేస్తావో, డబ్బాలో వేస్తావో నీ ఇష్టం. నా షెడ్డుకు వచ్చే బళ్లలో సగానికి పైగా డెలివరీ బళ్లే. బ్రేక్ షూలు అయిపోయాయిరా అంటే “వచ్చే వారం వేయిద్దాం అన్నా, ఇప్పటికి నట్టు బిగించెయ్” అంటారు. నట్టు బిగిస్తే పెడల్ గట్టిపడుతుంది, షూ మందం పెరగదు కదా. నువ్వే చూసుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. వెనక డ్రమ్ము ప్లేటు మీద చిన్న గుర్తు ఉంటుంది. బ్రేక్ పెడల్‌ని పూర్తిగా తొక్కి పట్టుకుని, వంగి చూడు. బ్రేక్ ఆర్మ్‌తో పాటు ఒక చిన్న ముల్లు కదులుతుంది. ఆ ముల్లు గుర్తుకు ఎదురుగా వచ్చిందంటే షూలు అయిపోయినట్టే. ఆ రోజే మార్పించు. మూడు, నాలుగు వందల పని అది. టైరుకూ అంతే, గాడిలో అడ్డంగా చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. పైన రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు వానలో పట్టు ఇవ్వదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ట్రాఫిక్ కాదు, “నాన్న పేరు మీద” అన్న ముక్క. బండి ఇన్సూరెన్స్‌తో పాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఓనరు కమ్ డ్రైవరుకు మాత్రమే. అంటే బండి ఎవరి పేరు మీద ఉందో, ఆ మనిషే లైసెన్సుతో నడుపుతున్నప్పుడు వర్తిస్తుంది. నాన్న పేరున బండి, నడిపేది నువ్వు. నీకేమైనా అయితే ఆ 15 లక్షలు మీ ఇంటికి రావు. ఈ విషయం చాలా ఇళ్లలో తెలియదు, ఆసుపత్రి దగ్గర తెలుస్తుంది. ఇంకొకటి. పాలసీ కాగితాల్లో బండి దేనికి వాడకూడదో రాసి ఉంటుంది, తీసి చదువు. మామూలు ప్రైవేటు టూవీలర్ పాలసీలో బండిని కిరాయికి తిప్పడం, సొంత సామాను కాకుండా సరుకు మోయడం రెండూ కవర్ కావు. డెలివరీ బ్యాగుతో పడితే బండి రిపేరు క్లెయిమ్‌ను కంపెనీ తోసిపుచ్చడానికి ఆ ఒక్క లైను చాలు.

మరి ఏం చెయ్యాలి? బయల్దేరే ముందే ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గర కూర్చుని, డెలివరీకి వాడతానని దాచకుండా చెప్పి, దానికి తగిన పాలసీ అడుగు. ప్రీమియం కొంత ఎక్కువైనా ఫర్వాలేదు. ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకుంటే బండి నీ పేరు మీదకు మార్చుకో. ఒప్పుకోకపోతే నీ పేరున విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకో. ఏమీ లేకపోతే కనీసం బ్యాంకు అకౌంట్‌లో ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా పెట్టించు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. డెలివరీ కంపెనీ కూడా ఇన్సూరెన్స్ ఉందంటుంది. ఉందంటే సరిపోదు. ఆర్డరు చేతిలో ఉన్నప్పుడే వర్తిస్తుందా, లాగిన్‌లో ఉండి ఖాళీగా ఉన్నప్పుడూ వర్తిస్తుందా అడుగు. పాలసీ నంబరు, నామినీ పేరు ఉన్న పేజీని ఫొటో తీసి అమ్మ ఫోన్‌కు పంపు. కేంద్ర ప్రభుత్వం కార్మికుల కోసం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో గిగ్ వర్కర్‌గా, అంటే నీలా యాప్‌ల మీద పనిచేసేవాడిగా, పేరు నమోదు చేసుకో, ఆధార్ కావాలి, రూపాయి ఖర్చు లేదు. గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో ప్రకటించింది. ఆ సంగతి కూడా ఇక్కడికి వచ్చాక కనుక్కో.

గది విషయానికొస్తే మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు ఆర్డర్లు తీసుకునేవాళ్లు ఎక్కువగా బోరబండ, రహ్మత్‌నగర్, కృష్ణానగర్, మా యూసుఫ్‌గూడలో ఉంటారు. చూడాల్సింది రెండు. రాత్రి బండి గేటు లోపల పెట్టనిస్తారా? వీధిలో వాన నీళ్లు నిలుస్తాయా? కృష్ణానగర్ పల్లపు సందుల్లో గట్టి వాన పడితే బళ్లు కొట్టుకుపోతాయి. పక్కింటివాళ్లని అడుగు, ఓనరు చెప్పడు.

మొదటి వారం లాగిన్ అవ్వకు. ఆదివారం తెల్లవారుజామున ఊరు ఖాళీగా ఉంటుంది, అప్పుడు తిరుగు. ఒకే జోన్ పట్టుకో, దాని సందులు, యూటర్న్‌లు వంటబట్టించుకో. ఇక్కడ చాలా జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. అది దూరమని రాంగ్ సైడ్‌లో దూరిపోయేవాళ్లని చూసి నువ్వూ వెళ్లకు. ఫోన్‌లో మ్యాప్‌ను టూవీలర్ మోడ్‌లో పెట్టుకో. కారు మోడ్‌లో ఉంటే అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కమంటుంది, మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది. రెండింటి మీదకీ టూవీలర్లను రానివ్వరు.

వానాకాలం గురించి ఒక్క మాట. తొలి చినుకులకు రోడ్డు మీద దుమ్ము, ఆయిల్ కలిసి జారుడుగా ఉంటుంది. అరగంట ఆగితే ఒక ఆర్డరు పోతుందేమో, పోనీ. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకు, సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకుంటూ పక్కకు తీసి, ఆయిల్ చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, స్టార్ట్ చెయ్యకుండా షెడ్డుకు తీసుకెళ్లు.

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయికి హైదరాబాద్‌లో సేల్స్ ఉద్యోగం వచ్చింది, బండి తప్పనిసరి అన్నారట. స్నేహితుడితో కలిసి రాత్రి బయల్దేరి బండి మీదే వెళ్లిపోతానంటున్నాడు. నాకు గుండె దడగా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: వద్దని గట్టిగా చెప్పండమ్మా. ఏడు వందల కిలోమీటర్ల దగ్గర. రాత్రి పూట లారీల మధ్య, ఇద్దరు మనుషులు, సామాను. అంత దూరం నడిపిన అలవాటు ఉన్నవాళ్లు కూడా పగలే నడిపి, మధ్యలో విజయవాడలో పడుకుని వెళ్తారు.

బండిని రైల్లో పంపండి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్లలో ఎక్కించడం కష్టం, మీకు విశాఖపట్నం మేలు. అబ్బాయి అదే రైల్లో వెళ్తుంటే టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయొచ్చు. డబ్బు కాస్త ఎక్కువే, కానీ మామూలుగా బండీ మనిషీ ఒకేసారి దిగుతారు. టికెట్ లేకుండా పార్సిల్‌గా వేస్తే చవక, కానీ ఎప్పుడు చేరుతుందో వాళ్ల వీలును బట్టి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులు, గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. బండి వేరేవాళ్ల పేరున ఉంటే ఓనరు సంతకంతో లెటరు, ఆధార్ జిరాక్సు కూడా. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీయించాలి. అద్దాలు విప్పి సంచిలో పెట్టుకోమనండి, హ్యాండిల్ లాక్ వేయొద్దనండి. గోనె పట్టా, గడ్డి చుట్టి ప్యాకింగ్ చేసేవాళ్లు పార్సిల్ ఆఫీసు బయటే ఉంటారు. ట్యాంకుకి, హెడ్‌లైట్‌కి రెండు చుట్లు ఎక్కువ వేయించండి, గీతలు పడేది అక్కడే. పేరు, ఫోన్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది అట్ట మీద మార్కర్‌తో రాసి రెండు వైపులా కట్టాలి.

దిగే స్టేషన్ ఏదో బుకింగ్‌లోనే అడగమనండి. ఇప్పుడు కొన్ని రైళ్లు సికింద్రాబాద్‌కు బదులు చర్లపల్లి వరకే వస్తున్నాయి. చేరాక ఆలస్యంగా వెళ్తే గంటల లెక్కన అదనపు చార్జీ పడుతుంది.

మీ భయం తగ్గుతుందని ఇంకో సంగతి చెబుతాను. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు, ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు లక్షన్నర వరకు చికిత్స నగదు కట్టకుండా అందుతుంది. ముందు 112కు ఫోన్ చేయాలి. ఆ నంబరు, మీ నంబరు అబ్బాయి హెల్మెట్ లోపల రాసి పెట్టండి. హెల్మెట్ మాత్రం ఐఎస్ఐ మార్కుది, ఇద్దరికీ రెండు కొనివ్వండి.

ప్రశ్న: నెల్లూరు నుంచి కూకట్‌పల్లి వచ్చి ఎనిమిది నెలలైంది. ఏపీ 39 బండి. నంబరు మార్చుకోవాలా? ఫ్రెండ్స్ అవసరం లేదంటున్నారు.

జవాబు: ఇప్పుడైతే అవసరం లేదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. మీకు ఇంకా నాలుగు నెలలుంది. ఇక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి, ఎందుకంటే పని నెల్లూరులో మొదలవ్వాలి. అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. దానికి ముందు పెండింగ్ చలాన్లన్నీ కట్టేయండి. లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ అంగీకార పత్రం కావాలి, ఎక్కువ రోజులు పట్టేది అక్కడే. ఆ తర్వాత ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఫారం 27 ఇచ్చి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కడితే తెలంగాణ (టీజీ) నంబరు వస్తుంది. ఏపీలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రిఫండ్ అడగొచ్చు, కొత్త ఆర్‌సీ జిరాక్సు జతచేసి దరఖాస్తు పెట్టండి. కొత్త నంబరు రాగానే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో కూడా మార్పించండి. పాత నంబరుతో ఉన్న పాలసీ పట్టుకుని క్లెయిమ్‌కు వెళ్తే అనవసరంగా తిప్పుతారు.