కొండపల్లి బొమ్మలను జిఫ్‌లుగా మార్చబోయే మేనకోడలికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన క్లిప్పులన్నీ చూశాను. వాటిని జిఫ్‌లుగా, అంటే శబ్దం లేకుండా పదేపదే ఆడే చిన్న కదిలే బొమ్మలుగా మార్చి, బెజవాడ కొట్టు నుంచి బయటి ఊళ్లకు పంపే మెయిళ్లలో పెట్టాలనుకోవడం మంచి ఆలోచన. మెయిల్లో వీడియో చాలాచోట్ల ఆడదు, జిఫ్ మాత్రం తెరవగానే కదులుతుంది. వాట్సాప్ కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ జిఫ్ పేరుతో వెళ్లేది శబ్దం లేని చిన్న ఎంపీ4 వీడియోనే.

ఏ యాప్ వాడాలని అడిగావు. అంతకంటే ముందు ఏ కదలికను చూపించాలో తేల్చుకోవాలి. ఒక జిఫ్‌కు ఒక్క కదలిక, రెండు మూడు సెకన్లు చాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ బతికినవాణ్ణి కదా, కత్తిరించడానికి మనసొప్పకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా కత్తిరించు.

కారణం చెబుతాను. జిఫ్ 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన పద్ధతి. ఒక ఫ్రేముకు, అంటే కదలికలో వరసగా వచ్చే ఒక్కో నిశ్చల చిత్రానికి, 256 రంగులే దక్కుతాయి. వస్తువు ఎటు జరిగిందో లెక్కగట్టి స్థలం ఆదా చేసే నేర్పు ఇప్పటి వీడియోలకు ఉంది, దీనికి లేదు. మంచి సాఫ్ట్‌వేర్ అయితే కిందటి ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే కొత్తగా రాస్తుంది. కెమెరా కదిలిందంటే ఫ్రేమంతా మారినట్టే, ఫైలు బరువెక్కినట్టే. అందుకే ఫోనును స్టాండుకు బిగించు. ఫోకస్‌ను, వెలుతురును లాక్ చెయ్యి, లేకపోతే చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా ఫోను తనంతట తనే వెలుతురు సవరించుకుంటుంది. పగటి వెలుగులో తియ్యి. చీకట్లో తీస్తే రవ్వలా పడే చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారుతూ ఉంటాయి, అదంతా బరువే. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన వీడియోతో పని మొదలుపెట్టకు, ఫోనులోని అసలు ఫైలే తీసుకో.

ఈ లెక్కన చూస్తే నీ బొమ్మలు జిఫ్ కోసమే పుట్టినట్టున్నాయి. పొణికి కర్ర మీద వేసే ఎరుపు, పసుపు, నలుపు చదునుగా పరుచుకునే రంగులు, 256లో హాయిగా ఇమిడిపోతాయి. వెనక సాదా గుడ్డ కట్టు. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ తీసిన క్లిప్పును మాత్రం వదిలెయ్యి. ఆకాశంలో రంగు నెమ్మదిగా మారే చోట చారలు పడతాయి, కృష్ణ అలలు ఒక్క క్షణం ఆగవు, పైగా కెమెరా కదులుతోంది. దాన్ని వీడియోగానే ఉంచు, అందంగా ఉంది.

అన్నిటిలోనూ నాకు నచ్చింది అంబారీ ఏనుగుకు కన్ను దిద్దే క్లిప్పు. కుంచె తాకే ముందు మొదలుపెట్టి, చెయ్యి పక్కకు తప్పుకోగానే ఆపు. జిఫ్‌లో ప్రతి ఫ్రేముకూ వేరే నిడివి ఇవ్వవచ్చు. చివరి ఫ్రేమును ఒకటిన్నర సెకను నిలబెడితే, చూసేవాళ్లకు ఆ కన్ను కనబడుతుంది. ముందుకూ వెనక్కూ ఆడించే చిట్కా ఇక్కడ వాడకు, వేసిన రంగును కుంచె తిరిగి తాగేస్తున్నట్టుంటుంది. ఊగే బొమ్మలకైతే అది బాగా కుదురుతుంది. కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్లు మొదటి ఫ్రేము ఒక్కటే చూపిస్తాయి, కాబట్టి ఏనుగు అందులోనే నిండుగా కనబడాలి. పనివాడి ముఖం పడితే ఆయనను అడిగాకే వాడు. ఒకే క్షణం పదేపదే ఆడుతుంది కనుక, రెప్ప వాలిన ముఖం ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది.

ఇక మార్చడం. ముందు కత్తిరించు, తర్వాత వెడల్పు 480 పిక్సెళ్లకు తగ్గించు, సెకనుకు 10 ఫ్రేములు పెట్టు. జిఫ్ కాలాన్ని సెకనులో నూరో వంతుల్లో కొలుస్తుంది కాబట్టి 10, 20, 25 సరిగ్గా కుదురుతాయి, 30 కుదరదు. కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడమంటాను. అందులో పాలెట్‌జెన్ నీ క్లిప్పుకు తగిన 256 రంగులను ఏరుతుంది, పాలెట్‌యూజ్ వాటితో బొమ్మను కడుతుంది. ఈ రెండూ లేకుండా నేరుగా మారిస్తే రంగులు వెలవెలబోతాయి. రంగుల మధ్య చుక్కలు చల్లే డిథరింగ్‌ను సాదా బొమ్మలకు ఆపి చూడు, ఫైలు ఇంకా తగ్గుతుంది.

కొట్టు పేరు వెయ్యాలంటే పరిమాణం తగ్గించాకే వెయ్యి. ముందే రాస్తే మన ఒత్తులూ గుడులూ కుంచించుకుపోయి చదవడానికి రావు. లావు అక్షరాలు ఎంచుకో, కదలని చోట పెట్టు.

అసలు వీడియోలను మాత్రం చెరపకు. జిఫ్‌లో పోయిన రంగులు తిరిగి రావు, రేపు పెద్ద సైజు కావాలంటే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఏనుగు క్లిప్పు చేసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య