విశాఖపట్నం దగ్గర ఇసుక తీరాలు: రెండు రోజుల్లో ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ నీళ్లలోకి దిగవచ్చు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: డిసెంబరు చివరి వారంలో వరంగల్ నుంచి రెండు రోజులకు విశాఖపట్నం వస్తున్నారు, వెంట పదేళ్లలోపు పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు ఉంటారు, పిల్లలు సముద్రస్నానం చేస్తామని పట్టుబడుతున్నారు, ఏ బీచికి తీసుకెళ్లాలి అని. నేను ఇరవై రెండేళ్లుగా చినవాల్తేరులో ఉంటున్నాను. ఊరి నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా వాళ్లకు బీచి చూపించే పని నా మీదే పడుతుంది కనుక ఈ ప్రశ్నకు జవాబు నాకు ఇంచుమించు కంఠస్థం. పిల్లలను నీళ్లలో దింపాలంటే రుషికొండకు వెళ్లండి. ఊళ్లోనే ఉన్న ఆర్కే (రామకృష్ణ) బీచిలో నడవండి, కూర్చోండి, కానీ నీళ్లలోకి దిగవద్దు. అమ్మగారికి భీమిలి నచ్చుతుంది. యారాడ చాలా అందమైనదే అయినా ఈసారికి దాన్ని పక్కన పెట్టమంటాను. ఎందుకన్నది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒక్కొక్క బీచి స్వభావం ఒక్కొక్క రకంగా ఉండటానికి ఇక్కడి కొండలూ పోర్టూ కారణం, అది తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు దాకా నైరుతి దిక్కు నుంచి వచ్చే కెరటాలు ఇసుకను ఒడ్డు వెంబడి ఈశాన్యానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో అది కొంత వెనక్కి వస్తుంది, మొత్తం మీద ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చినట్టు ఉంటుంది, దాని ఒడిలోనే 1933లో పోర్టు తెరిచారు. హార్బరు ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా ఆ తొలినాళ్లలోనే జేనస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను అక్కడ ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారంటే ఈ ఇసుకతో పేచీ ఎంత పాతదో ఊహించుకోవచ్చు. 1970లలో ఔటర్ హార్బరు కోసం పెద్ద రాతికట్టలు వచ్చాయి. దక్షిణం నుంచి రావలసిన ఇసుక అక్కడ ఆగిపోతుంది, ఆగిన మేరకు దానికి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచికి కొరత పడుతుంది. అందుకే డ్రెడ్జరుతో తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా తెచ్చి ఆర్కే బీచి మీద పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీదే తీరం దాటినప్పుడూ ఆ తరవాతి నెలల్లోనూ ఈ బీచి ఎంతగా కోసుకుపోయిందో నేను కళ్లారా చూశాను. ఉదయపు నడకలో నేను రోజూ కూర్చునే మెట్ల కింద ఇసుక పోయి రాళ్లు బయటపడ్డాయి.

ఇలా ఒకవైపు కోసుకుపోతూ మరోవైపు నింపుతూ ఉండే బీచికి అడుగు సమంగా ఉండదు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేసేసరికే లోతు మారిపోతుంది. మా మేనల్లుడు ఇంటర్ చదువుతుండగా సంక్రాంతి సెలవులకు వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా, మోకాళ్ల లోతులో నిలబడితే ఏమవుతుందన్నాడు. కెరటం వెనక్కి వెళ్లినప్పుడు వాడి మడమల కింద ఇసుక జారింది, ఇంకో కెరటం వచ్చేలోగా నడుం లోతులో ఉన్నాడు, ఆ తరవాత వాడి తల మాత్రమే కనిపించింది. అదృష్టం కొద్దీ అక్కడే వల బాగు చేసుకుంటున్న జాలరి కుర్రాళ్లిద్దరు పరుగెత్తి వచ్చి, తిన్నగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా ఈది వెళ్లి, వాణ్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. మొత్తం మూడు నాలుగు నిమిషాల వ్యవహారం. వాడి చెప్పులు మాత్రం ఒడ్డున ఎక్కడ విడిచాడో అక్కడే తడవకుండా ఉన్నాయి.

ఆ రోజు ఆ కుర్రాళ్ల తండ్రి నాకు చేతితో చూపించి చెప్పిన సంగతి తరవాత ఏ పుస్తకంలో చదివినా అంతకన్నా బాగా అర్థం కాలేదు. "కెరటాలు తెల్లగా ఇరిగే కాడ భయం లేదు బాబూ, మజ్జిన నున్నగా, ఏ గొడవా లేనట్టుంటాది సూడు, అదీ లాగేది" అన్నాడాయన. చూస్తే నిజంగానే రెండు వైపులా నురగలు కక్కుతూ కెరటాలు విరుగుతున్నాయి, మధ్యలో పది పన్నెండు గజాల వెడల్పున నీరు మాత్రం కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా ఉంది. కెరటాలతో ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి లోతుగా ఉన్న దారిని వెతుక్కుంటుంది, ఆ దారి లోతుగా ఉంటుంది కనుకనే అక్కడ కెరటం విరగదు. ఈత రాని వాళ్లంతా గొడవ లేని చోటని సరిగ్గా అక్కడికే వెళ్తారు. ఆ పాయలో చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకేసి తిన్నగా ఈదితే అలసిపోవడమే తప్ప ప్రయోజనం ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగితే కొద్ది దూరంలోనే ఆ లాగుడు నుంచి బయటపడతారు, అక్కడి నుంచి కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. మీరు ఏ బీచికి వెళ్లినా నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున కాస్త ఎత్తైన చోట పది నిమిషాలు నిలబడి ఆ నున్నటి పట్టీ ఎక్కడుందో వెతకండి. పిల్లలకు కూడా చూపించండి, వాళ్లు మనకన్నా తొందరగా కనిపెడతారు.

ఆర్కే బీచికి వెళ్లవద్దని మాత్రం నేను అనను. మొదటి రోజు సాయంత్రం అక్కడికే వెళ్లండి. ఎదురుగా పోర్టులో వంతు కోసం ఎదురుచూస్తూ లంగరు వేసిన ఓడలు వరుసగా కనిపిస్తాయి, చీకటి పడ్డాక వాటి దీపాలు లెక్కపెట్టడం మా పిల్లలకు ఒక ఆట. రోడ్డు పక్కనే కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ 91 మీటర్ల ఉక్కు గొట్టంలో అంతమంది మనుషులు నెలల తరబడి ఎలా బతికారో చూస్తే పెద్దవాళ్లకూ ఆశ్చర్యమే. సోమవారం సెలవు కనుక రోజు చూసుకుని రండి. లోపల దారి ఇరుకు, గది నుంచి గదికి గుండ్రటి కంతల్లోంచి వంగి దాటాలి, కాబట్టి అమ్మగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టడం మేలు. బీచిలో మురీ మిక్చరు తినకుండా వెళ్లవద్దు, నిమ్మకాయ ఎక్కువ పిండమని అడగండి.

ఇక్కడి ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే పోర్టు మురికి అనుకుని చాలామంది ముఖం చిట్లిస్తారు. అన్నిసార్లూ అది మురికి కాదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చిన ఇల్మనైటు వంటి బరువైన ఖనిజపు రేణువులవి. కెరటం తేలిక ఇసుకను ఈడ్చుకుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది. అక్కడక్కడ గులాబీ రంగులో మెరిసేది గార్నెట్. పిల్లల చేతికి ఒక అయస్కాంతం ఇచ్చి చూడండి, నల్ల రేణువులు కొన్ని దానికి అతుక్కుని వస్తాయి, ఓ అరగంట పాటు మీకు ప్రశాంతత.

స్నానానికి రుషికొండ. నగరం నుంచి పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. 2020లో మన దేశంలో తొలి విడతగా బ్లూ ఫ్లాగ్ (బీచిల శుభ్రత, భద్రతలకు ఇచ్చే అంతర్జాతీయ ముద్ర) గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచుల్లో ఇదొకటి. ఆ గుర్తింపు మధ్యలో ఒకసారి వివాదంలో పడిన మాట నిజమే, అయినా మీకు పనికివచ్చే విషయం వేరు: అక్కడ దిగదగిన హద్దు గుర్తుపెట్టి ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు, స్నానం చేశాక మంచినీళ్లతో ఒళ్లు కడుక్కోవడానికీ బట్టలు మార్చుకోవడానికీ వసతి ఉంటుంది. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న కుటుంబానికి ఈ చివరిది ఎంత ముఖ్యమో తడిబట్టలతో ఆటోలో తిరిగివచ్చిన వాళ్లకే తెలుస్తుంది. హద్దు దాటి పక్కకు పోతే అది కూడా మిగతా తీరం లాంటిదే, లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదించకండి. పిల్లలు మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి, గాలి నింపిన ట్యూబుల మీద పడుకోబెట్టవద్దు, ఒడ్డు నుంచి వీచే గాలికి అవి ఎంత వేగంగా లోపలికి పోతాయో చూస్తే గుండె ఆగుతుంది. ఉదయం ఏడు గంటలకల్లా చేరుకుంటే జనం తక్కువ, ఎండ మెత్తగా ఉంటుంది. డిసెంబరు చివర్లో సెలవుల వల్ల పదకొండు దాటాక వాహనం నిలపడానికి చోటు దొరకదు.

యారాడ సంగతి. సిందియా ప్రాంతం మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగితే మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, మధ్యలో కొబ్బరితోటలు. విశాఖ చుట్టుపక్కల ఇంత అందమైన ఇసుక ఇంకొకటి లేదని నా అభిప్రాయం, ఈ విషయంలో మా ఆవిడతో కూడా నాకు పేచీ, ఆమె భీమిలి పక్షం. అయితే అక్కడ అడుగు త్వరగా లోతవుతుంది, కెరటం ఒడ్డు మీద దభీమని విరుగుతుంది, జరగరానిది జరిగితే ఘాట్ రోడ్డు దాటి ఆసుపత్రికి చేరడానికి చాలా సమయం పడుతుంది. అమ్మగారికి ఇసుకలో నడక కూడా ఎక్కువే. పిల్లలు పెద్దయ్యాక, నీళ్లలోకి దిగకూడదన్న ఒప్పందం మీద రండి.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం కాగానే భీమిలికి బయలుదేరండి. బీచ్ రోడ్డు కైలాసగిరి కింద మలుపు తిరిగేచోట తెన్నేటి పార్కు వస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకువచ్చి రాళ్లలో చిక్కుకున్నది ఇక్కడే, అప్పట్లో ఊరంతా దాన్ని చూడటానికి తరలివెళ్లింది. రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర నీటి అంచున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, దాని దాకా నడిచి వెళ్లవచ్చు, పోటు మీదుంటే రోడ్డు మీది నుంచే చూసి కదలండి. ఆ పైన భీమిలికి కొంచెం ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందట సముద్రమట్టం బాగా తక్కువగా ఉన్న కాలంలో గాలి తోలుకొచ్చి పోసిన ఇసుక ఇనుము తుప్పు రంగు పట్టి గట్టిపడి, వానలకు గాడులు పడి ఈ రూపం తీసుకుంది. సాయంత్రం నాలుగు గంటల ఎండలో ఆ ఎరుపు చూడాలి. గట్ల అంచుల మీద పిల్లలను ఎక్కనివ్వకండి, పైకి గట్టిగా కనిపించినా అడుగు వేస్తే విరిగిపడతాయి, పడిన దిబ్బ మళ్లీ పుట్టదు.

భీమిలిలో తీరం పొడవునా కూర్చునే చోట్లు ఉన్నాయి, అమ్మగారు ఇసుకలోకి దిగకుండానే సముద్రాన్ని తనివితీరా చూడవచ్చు. ఒకప్పటి డచ్చివారి స్థావరం ఇది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, దగ్గరలోనే పాత దీపస్తంభం. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఆ సంగమం దగ్గర నీరు చూడటానికి పిల్లకాలువలా ఉంటుంది, కానీ ఇసుకతిన్నె రోజుకో చోటికి జరుగుతుంది, నది ప్రవాహానికి పాటు తోడైతే లాగుడు మామూలుగా ఉండదు, కనుక పాదాలు తడుపుకోవడానికి అయినా సంగమానికి దూరంగా దిగండి. వేట నుంచి వచ్చిన పడవలు ఒడ్డున ఉంటే చేపలు అక్కడే బేరమాడి కొనవచ్చు, కానీ రాత్రికి రైలు ఉంటే ఆ ఆలోచన మానుకోండి, మా బావగారు ఒకసారి వంజరం చేపను రైలు ఏసీ బోగీలో తీసుకెళ్లి బోగీ మొత్తానికి క్షమాపణలు చెప్పుకున్నారు.

బయలుదేరే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి పంచాంగం: అమావాస్య, పౌర్ణమి ఇటు రెండు రోజులు అటు రెండు రోజులు పోటు ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల్లో నడిచే ఇసుక సగమవుతుంది. రెండోది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో నడిసముద్రంలో పుట్టిన పెద్ద కెరటాలు మన ఒడ్డుకు చేరే రోజులు ఉంటాయి. సూర్యోదయం చూడాలనుకుంటే మీరు వచ్చే రోజుల్లో ఆరున్నరకు కాస్త ముందు అవుతుంది. చలికాలంలో సూర్యుడు ఆర్కే బీచి నుంచి చూస్తే నేరుగా నీళ్లలోంచి వస్తాడు, వేసవిలో అయితే కైలాసగిరి వైపుకు జరిగిపోతాడు. ఇక జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి, ఇసుకలో కంచె కట్టిన చోటు కనిపిస్తే అది వాటి గుడ్లను పొదిగించే చోటు, పిల్లలను దూరం నుంచే చూడమనండి.

భీమిలికి కారే అక్కర్లేదు, ఆర్టీసీ బస్సు 900కె ఉంది, తీరం వెంబడి వెళ్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, తిరిగివచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి.