చార్జర్ లైట్ మాట నమ్మకండి, బ్యాటరీ వోల్టులు చూడండి

మీరు అడిగింది ఇది: ఇంట్లో కారు బ్యాటరీకి చార్జర్ పెడితే లైట్ వెలుగుతోంది, కానీ రాత్రంతా ఉంచినా బ్యాటరీ చార్జ్ కాలేదు. చార్జర్ పోయినట్టేనా, కొత్తది కొనాలా?

కొనకండి. కనీసం ఇవాళ కొనకండి. ఇలాంటప్పుడు పదింట తొమ్మిదిసార్లు తప్పు చార్జర్‌ది కాదని నా గట్టి నమ్మకం. మా ఇంట్లో జరిగింది చెప్తాను, మీ సంగతీ అదే అయ్యుండొచ్చు.

మా నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆ హడావిడిలో మూడు వారాలు కారు జోలికి ఎవరం వెళ్ళలేదు. డిక్కీ మూత సరిగ్గా పడలేదు, లోపల చిన్న బల్బు వెలుగుతూనే ఉంది. ఐదు వాట్ల బల్బే కదా అనుకుంటాం. పన్నెండు వోల్టుల మీద అది దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. ఆ లెక్కన 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియర్ చొప్పున దాదాపు 45 గంటలు ఇచ్చేది, ఐదు రోజులు నిండకుండానే ఖాళీ. నాన్నను డ్రెస్సింగ్‌కి తీసుకెళ్ళాల్సిన ముందురోజు తాళం తిప్పితే, డాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగలేదు. సెల్ఫ్ కనీసం టిక్కు మనలేదు.

కొత్త స్మార్ట్ చార్జర్ ఉంది కదా అని తగిలించాను. ఎర్ర లైట్ నాలుగుసార్లు మిణుకుమని ఆరిపోయింది. తీసి మళ్ళీ పెట్టాను, అదే వరస. వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి చార్జర్ క్లిప్పుల మధ్య పెట్టి చూస్తే సున్నా. ఇంకేముంది, చార్జర్ పోయిందని తేల్చేశాను. టెన్షన్‌తో లోపలికి వెళ్ళి చెప్తే, నాన్న మంచం కిటికీ పక్కకు జరిపించుకుని అక్కడి నుంచే మొదలుపెట్టారు.

“అమ్మాయ్, లైట్ల సంగతి నాకొద్దు. బ్యాటరీ మీద ఎంత చూపిస్తోందో అంకె చెప్పు.”

మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి చూశాను. “5.1, నాన్నా.”

“క్లాంపు మీద పెట్టావా, సీసం మీదా?”

క్లాంపు అంటే కారు వైరు చివర బిగించే పట్టీ, సీసం అంటే బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన టెర్మినల్. సీసం మీద గుచ్చినా అంతే వచ్చింది. “అయితే చార్జర్‌కేం కాలేదు. దానికి బ్యాటరీ కనబడట్లేదు, అంతే” అన్నారు.

సంగతి ఏమిటంటే, చాలా స్మార్ట్ చార్జర్లు ముందు బ్యాటరీ వోల్టేజ్ చూసుకుంటాయి. అది మరీ తక్కువుంటే, అసలు బ్యాటరీయే తగిలించలేదనో, బ్యాటరీ పాడైందనో అనుకుని కరెంటు వదలవు. ఎంత తక్కువైతే ఒప్పుకోవనేది మోడల్‌ని బట్టి ఉంటుంది. బ్యాటరీ లేకుండా ఉత్త క్లిప్పుల మధ్య కొలిస్తే సున్నా రావడం కూడా అందుకే. క్లిప్పులు ఒకదానికొకటి తగిలినా నిప్పురవ్వలు రాకూడదని అలా చేస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది బంగారంలాంటి చార్జర్లను పారేస్తున్నారో! కంపెనీల వాళ్ళు ఈ మాటను పుస్తకంలో ఎక్కడో చివరన చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. పెట్టె మీద పెద్దగా వేస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఎర్ర లైట్ ఒకటే, దానికి అర్థాలు మాత్రం నాలుగు: తిరగేసి పెట్టావు, సరిగ్గా తగల్లేదు, వోల్టేజ్ లేదు, బ్యాటరీ పోయింది. మనిషికి అందులో ఏది అర్థం కావాలి?

నాన్న దగ్గర పాత ఇనుప చార్జర్ ఒకటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్, ముందు ఆంపియర్ల ముల్లు. రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. దానికి తెలివితేటలు లేవు, ఏం తగిలించినా కరెంటు తోస్తుంది. బ్యాటరీని లేపడానికి అది తెమ్మన్నారు. కారులోని ఎలక్ట్రానిక్స్ మీద ఆ కరెంటు పడకూడదని ముందు బ్యాటరీ మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు విప్పించారు. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పొడి పేరుకుని ఉంది. ఉప్పు కాగితంతో గీకి, క్లిప్పులు పెట్టి, అప్పుడు స్విచ్ వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది, ముల్లు మాత్రం సున్నా మీదే కూర్చుంది. ఇక బ్యాటరీ కూడా పోయిందనుకున్నాను.

“స్విచ్ ఆపి, ఎర్ర క్లిప్పు తిరగేసి పెట్టు” అన్నారు నాన్న.

దగ్గరగా చూస్తే అప్పుడు అర్థమైంది. మొసలి క్లిప్పుకి రెండు దవడలుంటాయి కానీ వైరు బిగించేది ఒకదానికే. రెండో దవడకు కరెంటు మధ్యలో ఉన్న పిన్ను, స్ప్రింగు మీదుగానే రావాలి. మా క్లిప్పులో ఆ పిన్ను తుప్పు పట్టింది. మీటర్‌ని, కరెంటుకు దారి ఉంటే చప్పుడు చేసే బీప్ మోడ్‌లో పెట్టి రెండు దవడల మధ్య చూస్తే చప్పుడే లేదు. పైగా నేను గీకింది టెర్మినల్‌కి నాకు కనబడే పక్క ఒక్కటే. వైరున్న దవడ వెళ్ళి అవతల పక్క పొడి మీద కూర్చుంది. టెర్మినల్ చుట్టూ మెరిసేదాకా గీకి, క్లిప్పు తిరగేసి, స్విచ్ వేశాను. ముల్లు మెల్లగా కదిలి రెండు ఆంపియర్ల దగ్గర ఆగింది. కిటికీలోంచి “కదిలిందా?” అని నాన్న కేక. నా గొంతులోంచి “కదిలింది నాన్నా!” అన్న అరుపు ఎంత గట్టిగా వచ్చిందో!

పదిహేను నిమిషాలు దగ్గరే నిలబడి ఉన్నాను. ఇలాంటి పాత చార్జర్ పెట్టి నిద్రపోకూడదు, అది తనంతట తాను ఆగదు. వోల్టేజ్ పదిన్నర దాటాక స్విచ్ ఆపి, క్లిప్పులు తీసి, స్మార్ట్ చార్జర్ తగిలించాను. పొద్దున పాడైందనుకున్న ఆ చార్జరే ఈసారి లక్షణంగా పట్టుకుంది. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎక్కించింది. అది నాలుగు ఆంపియర్ల చార్జర్, ఖాళీ బ్యాటరీకి ఆ మాత్రం టైము పడుతుంది. డ్రెస్సింగ్‌కి మాత్రం ఆటోలోనే వెళ్ళాం. చార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే 12.6 వచ్చింది. ఆ బ్యాటరీ ఇప్పటికీ బండిలోనే ఉంది.

మీ దగ్గర పాత చార్జర్ లేకపోతే, బాగున్న ఇంకో పన్నెండు వోల్టుల కారు బ్యాటరీని జంపర్ కేబుళ్ళతో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, ఆ జంట మీద స్మార్ట్ చార్జర్ పెట్టినా మేలుకుంటుంది. కాసేపయ్యాక రెండోదాన్ని విడదీయాలి. ఏ పద్ధతైనా సరే, క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చార్జర్ స్విచ్ ఆపే ఉండాలి. చార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి ఆడే చోట పెట్టండి. పక్కలు ఉబ్బినా, పగులున్నా, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా దాని జోలికి పోకండి.

బ్యాటరీయే పోయే సందర్భాలూ లేకపోలేదు. గంటలు గంటలు ఎక్కించి, తీసి కొలిస్తే 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయ్యుంటుంది. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కదా, ఒకటి తగ్గితే వచ్చే లెక్క అదే. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి పది నిమిషాల్లో పచ్చ లైట్ వచ్చిందంటే అదీ సంతోషించే విషయం కాదు. లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కరెంటు తీసుకోవట్లేదన్నమాట. ఇక చార్జర్ ఫ్యూజు, 6/12 వోల్టుల మీట ఉంటే అది ఎటుందో, ఇవి రెండు నిమిషాల పని, చూసేయండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మెకానిక్ షెడ్డులో మీటర్ తియ్యకుండానే “బ్యాటరీ మార్చెయ్యండి” అనడం. మాకు ఫోన్‌లోనే అలా చెప్పారొకాయన, బండి చూడకుండానే. కారున్న ప్రతి ఇంట్లో జాకీ ఎంత అవసరమో మల్టీమీటర్ అంత అవసరమని నేను అందరితో వాదిస్తుంటాను. పన్నెండేళ్ళ పిల్లలకు కూడా పది నిమిషాల్లో నేర్పొచ్చు.

కాబట్టి ముందు చార్జర్ తీసేసి, బ్యాటరీ సీసం మీద మీటర్ పెట్టి ఎంతుందో చూడండి. చార్జర్ పెట్టి పది నిమిషాలయ్యాక మళ్ళీ చూడండి. ఆ రెండు అంకెలూ నాకు చెప్పండి. లైట్ ఏ రంగులో ఉందో చెప్పక్కర్లేదు.